దారి చూపడం దాని అతి చిన్న పని

చేతిలో ఇమిడే జీపీఎస్ పరికరానికి కాలం చెల్లిందన్న మాట నేను తరచుగా వింటుంటాను. ఫోనులోనే పటం ఉండగా, ఆ ఫోనే మలుపు మలుపుకీ దారి చెబుతుండగా, పెన్సిల్ సెల్స్ వేసి నడిపించే ఈ డబ్బా ఇంకా ఎవరికి కావాలని అడుగుతారు. దారి చూపడమే దాని పని అనుకుంటే ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ పోటీలో ఫోను ఎప్పుడో గెలిచింది. అయితే దారి చూపడం ఆ పరికరం చేయగల పనుల్లో అతి చిన్నదని నా అభిప్రాయం. అది ముందుగా కొలత సాధనం, ఆ తరువాత ఆ కొలతను తేదీతో సహా దాచిపెట్టే సాధనం. ఒకవైపు సముద్రం, మరొకవైపు కొండలు, నడుమ ఏర్లూ చెరువులూ ఉన్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సామాన్యుడు తనకు తానుగా కొలుచుకోవలసినవి చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఇప్పటికీ ఎదుటివాడి నోటిమాట మీదనే నడుస్తున్నాయి.

ఒక అంకె ముందుగా చెప్పాలి. 2000 మే మొదటివారం దాకా అమెరికా ప్రభుత్వం తన జీపీఎస్ ఉపగ్రహాల నుంచి పౌరులకు అందే సంకేతంలో కావాలనే కొంత దోషాన్ని కలిపేది. అందువల్ల పరికరం చూపే చోటుకీ అసలు చోటుకీ వంద మీటర్ల దాకా తేడా ఉండేది. ఆ కల్తీని ఆపేశాక, నేటి పరికరాలతో, నెత్తిమీద ఆకాశం తెరిపిగా ఉన్నచోట తేడా మామూలుగా మూడు నుంచి అయిదు మీటర్లకు మించడం లేదు. ఈ పరికరాన్ని ఏ పనికి వాడవచ్చో, ఏ పనికి వాడకూడదో తేల్చేది ఈ మూడు నుంచి అయిదు మీటర్లే.

అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చేది పొలంలో. దుక్కి దున్నిన ట్రాక్టరుకో, వరి కోసిన మిషనుకో ఎకరా లెక్కన డబ్బు ఇచ్చేచోట ప్రతి ఏడూ ఒకే తగువు వస్తుంది. కాగితంలో ఎకరా నలభై సెంట్లు అని ఉంటుంది. డ్రైవరు దానికే డబ్బు అడుగుతాడు. రైతేమో గట్లూ, కాలువా, మూలనున్న తాటిచెట్ల కిందిదీ తీసేస్తే దున్నినది అంత ఉండదంటాడు. ఇద్దరూ కొంత నిజమే చెబుతారు, ఇద్దరి దగ్గరా అంకె ఉండదు. పరికరంలో విస్తీర్ణం కొలిచే పేజీ తెరిచి, దున్నినంత మేర అంచు వెంట ఒకసారి నడిచి, మొదలుపెట్టిన చోటికి వచ్చి బటన్ నొక్కితే ఎకరాల్లోనే లెక్క వస్తుంది. నేను మొదటిసారి ఇలా నడుస్తున్నప్పుడు గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన, "ఏటి బావూ, ఆకాశంలో ఉన్నోడికి నా మడి ఎంతో తెలుస్తాదా?" అని నవ్వాడు. ఆకాశంలో ఉన్నదానికి మడి సంగతి ఏమీ తెలియదు. భూమికి ఇరవై వేల కిలోమీటర్లకు పైగా ఎత్తులో తిరుగుతూ తన గడియారంలో టైమెంతో చెప్పడమే అది చేసే పని. మడిని కొలిచేది నడిచే మనిషి కాళ్లే. ఆ మాట చెబితే ఆయనకు నచ్చింది, తరువాతి చుట్టు ఆయనే నడిచాడు.

ట్రాక్టరు కూలి కంటే కౌలు సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది. కౌలుదారు కాగితం మీది విస్తీర్ణానికి కౌలు చెల్లిస్తాడు, పంట మాత్రం మిగిలిన నేల మీదనే పండిస్తాడు. గట్లు వెడల్పుగా ఉన్న మెట్టపల్లం భూముల్లో ఈ తేడా చిన్నది కాదు. భూమి గలవాడి దగ్గర పాసుపుస్తకం ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది. కౌలుదారు దగ్గర చాలాసార్లు ఏ కాగితమూ ఉండదు. నాట్లకు ముందు ఒకసారి, కోతకు ముందు ఒకసారి సాగైన నేల చుట్టూ నడిచి దాచిన కొలత అతని చేతిలో ఉంటే, మరుసటి ఏటి బేరం బతిమాలడంతో కాకుండా లెక్కతో మొదలవుతుంది. బేరంలో అతడే గెలుస్తాడని నేను చెప్పను. మాట్లాడటానికి అతనికీ ఒక ఆధారం దొరుకుతుంది.

ఆ లెక్క ఎంత నమ్మదగినదో కూడా చెప్పాలి. చదరంగా ఉన్న ఒక ఎకరా మడి భుజం దాదాపు 64 మీటర్లు. దాని ఒక మూలను పరికరం మూడు మీటర్లు బయటికి జరిపి చూపితే విస్తీర్ణం సుమారు 135 చదరపు మీటర్లు, అంటే మూడు సెంట్ల పైచిలుకు పెరుగుతుంది. వంద సెంట్లలో మూడు సెంట్ల తేడా దుక్కి కూలికి పట్టించుకోనక్కరలేనిది. పది ఎకరాల చెరువు దగ్గర అదే పొరపాటు వెయ్యి సెంట్లలో పదిన్నర సెంట్లే అవుతుంది. కొలిచే నేల పెద్దదయ్యేకొద్దీ ఈ పరికరం మాటకు విలువ పెరుగుతుంది, చిన్నదయ్యేకొద్దీ తరుగుతుంది. అయిదు సెంట్ల ఇంటి స్థలాన్ని దీనితో కొలవడం వృథా.

అందుకే సరిహద్దు తగాదాకు దీన్ని తీసుకువెళ్లడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. మన ప్రాంతంలో చాలా గ్రామాలు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల కిందివి; 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక రైతువారీ పద్ధతిలోకి వచ్చినవి. గొలుసుతో కొలిచి గీసిన పటాల్లో రాళ్లు ఒకచోట, నేల మీద రాళ్లు మరొకచోట ఉండటం ఇక్కడ కొత్త సంగతి కాదు. అటువంటి గట్టు దగ్గర అయిదు మీటర్ల దోషమున్న డబ్బా పట్టుకుని "మా గట్టు ఇక్కడ" అనడం కొట్లాటను కొనితెచ్చుకోవడమే. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేలో వాడిన రోవర్లనే కొలత పరికరాలు కూడా ఉపగ్రహాలనే వింటాయి. కాని నేల మీద స్థిరంగా నెలకొల్పిన కేంద్రాల నుంచి సవరణలు అందుకుని సెంటీమీటర్ల దాకా లెక్క తేలుస్తాయి. రెండింటిలోనూ జీపీఎస్ ఉంది కదా అని ఒకటిగా చూడకూడదు.

విస్తీర్ణం కంటే కూడా జ్ఞాపకం దాచడంలో దీని సత్తా నాకు శ్రీకాకుళం తీరాన తోటల ప్రాంతమైన ఉద్దానంలో అర్థమైంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలితో తీరం దాటింది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరీ జీడీ నేలకొరిగాయి. తోట అంటే ఆ చెట్లే హద్దులుగా బతికిన ఊళ్లలో, చెట్టు పోతే హద్దు పోయింది, బాట పోయింది, నుయ్యి ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. తరువాత కొన్నాళ్లు కరెంటు లేదు, టవర్లు పనిచేయలేదు, ఫోన్లు చార్జింగు లేక పడి ఉన్నాయి. తుపాను రాకముందే తోట నాలుగు మూలలూ, నుయ్యి, మోటారు, బాట మలుపు పరికరంలో గుర్తులుగా దాచుకున్నవాడికి, రెండు పెన్సిల్ సెల్స్ ఉంటే చాలు, ఇరవై గంటలకు పైగా పనిచేసే ఆసరా ఉన్నట్టే.

ఇక్కడ కూడా దోషం లెక్క మరవకూడదు. కొబ్బరి చెట్ల మధ్య దూరం ఏడెనిమిది మీటర్లు. ఒక్కొక్క చెట్టునూ గుర్తు పెట్టుకుంటే, రేపు పరికరం చూపే చోటు ఆ చెట్టుదో పక్క చెట్టుదో తేలదు. అందువల్ల మూలలను మాత్రమే గుర్తుగా దాచి, వరుసలెన్ని, వరుసకు చెట్లెన్ని అన్నది నోటుబుక్కులో రాసుకోవాలి. ఒక్కొక్క మూల దగ్గర రెండు మూడు నిమిషాలు కదలకుండా నిలబడితే పరికరం అనేక కొలతల సగటు తీస్తుంది. వేరొక రోజు మళ్లీ వచ్చి మరోసారి సగటు తీయిస్తే ఇంకా మంచిది. ఈ ఓపిక లేనివారు చెప్పే "జీపీఎస్ అబద్ధం చెప్పింది" అన్న మాటను నేను పట్టించుకోను.

సముద్రం మీద ఈ పరికరం వాడుక కొత్తది కాదు. మన తీరంలో పడవల మీద చాలాకాలంగా ఉంది. ఉండవలసినచోట లేనిది వేరొకటి ఉంది. పడవలను నడిపించే పాత తండేళ్లు చేపల నెలవులనూ, వలను చింపే మునిగిన బండలనూ ఒడ్డు మీది గుర్తులతో పట్టేవారు: ఈ కొండ కొమ్ము ఆ గుడి శిఖరం వెనక్కి వచ్చినప్పుడు, కళింగపట్నం లైట్‌హౌసు ఫలానా తోట చివరికి కలిసినప్పుడు, అక్కడ వల వేయకూడదు అని. రెండు జతల గుర్తులు రెండు గీతలు. అవి కలిసేచోటే ఆ చోటు. ఈ విద్య ఉన్నవారు వృద్ధులైపోతున్నారు, కుర్రవాళ్లు తెర మీది అంకెలతో పెరుగుతున్నారు. ఒక పెద్ద తండేలును పడవలో కూర్చోబెట్టుకుని, ఆయన చెప్పిన ప్రతి చోటు దగ్గరా ఆగి, అంకెలను పరికరంలోనూ, ఆయన చెప్పిన కొండ గుర్తును పక్కన పుస్తకంలోనూ రాసుకోవడం మన రేవుల్లో ఎవరైనా చేయదగిన పని. బ్యాటరీ పోతే కొండ గుర్తు ఆదుకుంటుంది, మంచు పట్టి కొండ కనిపించకపోతే అంకె ఆదుకుంటుంది. ఇది వేటగాళ్ల ఆస్తి కాబట్టి, ఆ పుస్తకం ఎవరి దగ్గర ఉండాలో ముందే ఊళ్లో తేల్చుకోవాలి.

2018 నవంబరులో గుజరాత్‌లోని వెరావల్ నుంచి వేటకు వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు సరిహద్దు దాటారంటూ పాకిస్తాన్ అధికారులు పట్టుకున్నారు. వారు 2020 జనవరిలో వాఘా దగ్గర తిరిగి మన దేశంలో అడుగుపెట్టారు. సముద్రం మీద ఆ సరిహద్దు కంటికి కనిపించదు, అంకెల్లోనే ఉంటుంది. కూలికి వెళ్లినవాడు పడవ నడిపేవాడి తెర వైపు చూడలేడు, చూసినా అడగలేడు. ఒక్కొక్క మనిషి జేబులో ఒక పరికరం ఉంటే అరెస్టులు ఆగిపోతాయని నేను అనను. తాను ఎక్కడున్నాడో తెలుసుకునే హక్కు మాత్రం వల లాగేవాడికి కూడా ఉంది.

ఇక నవ్వు తెప్పించే వాడుక ఒకటి. పరికరంలో సూర్యోదయ సూర్యాస్తమయాల పేజీ ఉంటుంది. మనం నిలబడిన చోటుకు, మనం అడిగిన తేదీకి లెక్క చెబుతుంది. ఇది వేటకూ శిబిరాలకూ పెట్టిన సదుపాయం. మా ఇంట్లో మాత్రం ఇది రాహుకాలం చూడటానికి ఎక్కువగా పనికివచ్చింది. రాహుకాలం మీద నాకు నమ్మకం లేదు; నమ్మేవారు తప్పు అంకెను నమ్మడం మీదనే నా అభ్యంతరం. పగటిని ఎనిమిది భాగాలు చేసి, సోమవారానికి రెండో భాగం అనేది అసలు పద్ధతి. సూర్యుడు ఆరింటికి ఉదయించి ఆరింటికి అస్తమిస్తాడనుకుని ఏడున్నర నుంచి తొమ్మిది అని గోడ క్యాలెండరులో వేస్తారు. శ్రీకాకుళంలో జూన్ నెల మూడో వారంలో సూర్యోదయం అయిదూ ఇరవై ప్రాంతంలోనే అవుతుంది, పగలు పదమూడు గంటల పైచిలుకు ఉంటుంది. ఆ లెక్కన సోమవారం రాహుకాలం దాదాపు ఏడింటికే మొదలై ఎనిమిదీ నలభైలోపు ముగిసిపోతుంది. ఎనిమిదీ యాభైకి బయలుదేరవలసినవాడు తొమ్మిది దాకా గుమ్మంలో నిలబడటం తన శాస్త్రం ప్రకారమే అనవసరం.

సూర్యోదయాన్ని లెక్కలోకి తీసుకునే పంచాంగంలోనూ ఊరి తేడా ఉంటుంది. శ్రీకాకుళం రేఖాంశం సుమారు 83.9 డిగ్రీలు, హైదరాబాదుది 78.5. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన ఊళ్లో సూర్యుడు ఇరవై ఒక్క నిమిషాలకు పైగా ముందుంటాడు. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖ మీదిది కాబట్టి, మన స్థానిక కాలం గడియారం కంటే కూడా అయిదున్నర నిమిషాలు ముందే. హైదరాబాదుకు గుణించిన ముహూర్తాన్ని ఇచ్ఛాపురంలో అక్షరాలా పాటించేవారు ఈ సంగతిని పురోహితుడిని అడగాలి; మంచి పురోహితుడు తప్పక ఊరిపేరు అడుగుతాడు.

అదే పేజీతో అరసవల్లి సూర్యదేవాలయం సంగతి ఇంట్లో కూర్చునే అర్థం చేసుకోవచ్చు. మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకుతాయని జనం తెల్లవారకముందే బారులు తీరుతారు. ఏడాదిలో ఈ రెండు తేదీలే ఎందుకన్నది చాలామందికి తోచని ప్రశ్న. మార్చి విషువత్తుకు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుకు) సుమారు పదిరోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకు సుమారు పదిరోజుల తరువాత సూర్యుడు భూమధ్యరేఖకు దక్షిణంగా ఇంచుమించు ఒకే మేర, దాదాపు నాలుగు డిగ్రీలు, ఉంటాడు. అందువల్ల రెండుసార్లూ సరిగ్గా తూర్పుకు నాలుగు డిగ్రీలు దక్షిణంగా, అంటే ఉత్తరం నుంచి లెక్కిస్తే 94 డిగ్రీల దగ్గర, పొద్దు పొడుస్తుంది. సూర్యుడు దక్షిణానికి పోయేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి అదే ద్వారం గుండా చూస్తాడు. కట్టినవారి లెక్క ఎంత నికరమైనదో ఇది తెలిశాక నాకు మరింత గౌరవం కలిగింది, తగ్గలేదు.

పిల్లలకు భూగోళం చెప్పడానికి ఇంతకంటే చవకైన ఉపకరణం లేదు. ఖాళీ మైదానంలో పరికరం చూపే అక్షాంశం ఒక నిమిషంలో (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యోవంతు) పదోవంతు పెరిగేదాకా నేరుగా ఉత్తరానికి నడిపించి, ఆ దూరాన్ని టేపుతో కొలిపిస్తే 185 మీటర్ల దగ్గర వస్తుంది. వృత్తంలో అటువంటివి 2,16,000 ఉంటాయి. గుణిస్తే భూమి చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. భోగాపురం మండలం పరిసరాల్లో 18 డిగ్రీల అక్షాంశ రేఖ పోతుంది. దానిమీద కాళ్లు చెరోవైపు వేసి నిలబడిన పిల్లవాడికి అట్లాసులోని గీత ఇక బొమ్మలా అనిపించదు. రాత్రి రైల్లో ఆముదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగవలసినవారు ఆ స్టేషనుకు పది కిలోమీటర్ల హద్దు పెట్టుకుంటే, వంద వేగంతో పోయే బండిలో ఆరు నిమిషాల ముందు పరికరం మోగుతుంది. అయితే ఏసీ పెట్టెల్లో సంకేతం సరిగా అందదు, కిటికీ ఆనుకుని పెట్టాలి. నేలలో పూడ్చిన పైపు జాయింటు, మట్టి కప్పేసిన వాల్వు వంటివాటికి కూడా వాడేవారున్నారు. ఆ పనికి గోడ నుంచి టేపుతో కొలిచి రాసుకోవడమే మేలు.

కొండ గ్రామాల దగ్గర మళ్లీ ఆగాలి. శృంగవరపుకోట మండలంలో కొండ మీది గిరిజన ఆవాసాల నుంచి గర్భిణులనూ రోగులనూ డోలీలో మోసుకువచ్చిన వార్తలు మనకు అలవాటైపోయాయి. రోడ్డు కోసం పెట్టే అర్జీలో "నాలుగు కిలోమీటర్లు నడవాలి" అని ఉంటుంది. కార్యాలయంలో పటం మీద స్కేలు పెడితే రెండు కిలోమీటర్లు కనిపిస్తుంది. అర్జీదారు ఎక్కువచేసి చెప్పాడని అక్కడే అనుమానం పుడుతుంది. పటం మీద సరళరేఖ వేరు, కొండ వాలులో వంకలు తిరిగే కాలిబాట వేరు. పరికరాన్ని ఆన్ చేసి జేబులో పెట్టుకుని ఊరినుంచి అంబులెన్సు ఆగే చోటిదాకా నడిస్తే, నడిచిన దూరమే కాక ఏ మలుపు దగ్గర ఎన్నింటికి ఉన్నామో కూడా నమోదవుతుంది. డోలీ మోసేవారి జేబులోనే అది ఉంటే, రోగి దారిలో ఎంతసేపు ఉన్నదో నిమిషాలతో సహా తెలుస్తుంది. ఎత్తు విషయంలో ఉపగ్రహ కొలత అడ్డకొలత కంటే బాగా బలహీనం. వాయుపీడన మాపకం ఉన్న నమూనా అయితేనే ఎక్కిన ఎత్తును అర్జీలో రాయాలి. ఆ గీతను పటం మీద ముద్రించి సోమవారం కలెక్టరేటులో ఇచ్చే అర్జీకి జతచేస్తే, దాన్ని కాదనడానికి ఎవరైనా ఆ కొండ ఎక్కి రావలసి ఉంటుంది.

ఇవన్నీ ఫోనులోనూ చేయవచ్చు కదా అన్న ప్రశ్నకు నేను తప్పించుకోను. చాలావరకు చేయవచ్చు. ఫోనులోని జీపీఎస్ నెట్‌వర్కు లేకపోయినా చోటు చెబుతుంది, కాస్త ఆలస్యంగా. తడిచేతులతో నొక్కగల బటన్లు, ఎండలో కనిపించే తెర, ఎక్కడైనా దొరికే సెల్స్ వంటి కారణాలు నిజమైనవే, అయినా అవి నాకు రెండో వరుసవి. మొదటి కారణం, ఈ పరికరాన్ని అరువు ఇవ్వవచ్చు. పక్కింటివాడికి ఎవరూ ఒక రోజంతా తన ఫోను ఇవ్వరు. అందులో బ్యాంకు ఉంటుంది, ఇంటి ఫోటోలుంటాయి, మాటలుంటాయి. జీపీఎస్ డబ్బాలో చోట్లు తప్ప వేరేమీ ఉండవు. పార, నిచ్చెన, కాటా ఊళ్లో చేతులు మారినట్టే ఇదీ చేతులు మారగలదు, అలా మారినప్పుడే కౌలుదారుకూ డోలీ మోసేవాడికీ అందుతుంది.

అరువు ఇచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు తప్పవు. ఇది మౌనంగా నమోదు చేసే వస్తువు కాబట్టి, ఎవరి సంచిలోనో బండిలోనో వారికి తెలియకుండా పెట్టి వారి తిరుగుళ్లు తెలుసుకోవడానికి వాడేవారికి దీన్ని ఇవ్వకూడదు. కోడలు ఎక్కడికి వెళ్లిందో చూడాలనే అత్తగారికైనా సరే. రెండోది, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు చూడటానికి ఇలాగే ఉంటాయి, వాటిని అనుమతి లేకుండా మన దేశంలో వాడటం నేరం. విదేశం నుంచి వచ్చే బంధువు కానుకగా తెస్తానంటే, కేవలం సంకేతాన్ని అందుకునేదేనా, పంపేది కూడానా అని ముందే అడిగి తెలుసుకోవాలి.

నా ప్రతిపాదన పెద్దది కాదు. ప్రతి గ్రామ సచివాలయంలోనో, ఊరి గ్రంథాలయంలోనో, రేవులోని మత్స్యకార సంఘంలోనో ఇటువంటి పరికరం ఒకటి, దానితోపాటు ఒక రిజిస్టరు ఉండాలి. తీసుకున్నవారి పేరు, ఏ పనికి, ఏ తేదీన అన్నది అందులో రాయాలి. కొలిచినదాని నకలు కోరితే కొలిపించుకున్నవాడికే ఇవ్వాలి, ఆ తరువాత పరికరంలోంచి తుడిచేయాలి. సర్వేయరు కొలతకు ఇది బదులు కాదని రిజిస్టరు అట్ట మీదే రాయించాలి. తిరిగి తెచ్చాక సెల్స్ తీసేసి విడిగా పెట్టాలి. లేదంటే వానాకాలం తిరిగేసరికి కారిపోయి కొనలు తుప్పుపడతాయి.